స్పానర్ బాడీకి తగిలాక కారు స్టార్ట్ కావడం లేదు: ఈసీఎం మార్చాలా?

ప్రశ్న: కారుకు కొత్త బ్యాటరీ పెట్టుకుంటూ, పాజిటివ్ టెర్మినల్ మీద ఉండే ఫ్యూజు పెట్టె నట్టును బిగిస్తుండగా స్పానర్ రెండో కొస బాడీకి తగిలింది. టప్పుమని శబ్దం వచ్చి పెద్ద నిప్పురవ్వ లేచింది. అప్పటి నుంచి హారన్ మోగుతోంది, లోపలి దీపం వెలుగుతోంది కానీ, తాళం తిప్పితే డాష్‌బోర్డులో ఒక్క లైటూ రావడం లేదు, స్టార్టర్ తిరగడం లేదు. చిన్న ఫ్యూజులన్నీ తీసి చూశాను, ఒక్కటీ మాడలేదు. స్కానర్ (కారులోని లోపాలను చదివే పరికరం) పెట్టి చూసిన మెకానిక్ ఈసీఎం, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్, పోయిందని, మార్చాలని అంటున్నారు. అది నిజమేనా?

జవాబు: ఈసీఎం ఇప్పుడే కొనవద్దు. మీరు రాసిన లక్షణాలలోనే సగం జవాబు ఉంది. హారన్ మోగుతోందంటే, లోపలి దీపం వెలుగుతోందంటే బ్యాటరీలో కరెంటు ఉంది, బ్యాటరీ నెగెటివ్‌ను బాడీకి కలిపే ఎర్త్ కేబుల్ కూడా బాడీని పట్టుకునే ఉంది. తాళం తిప్పినప్పుడు రావలసిన కరెంటు మాత్రమే రావడం లేదు కనుక, తెగినదేదో ఆ దారిలోనే వెతకాలి.

ఇలాంటి ప్రమాదం జరిగినప్పుడు ముందుగా వేసుకోవలసిన ప్రశ్న, నిప్పురవ్వ లేచిన క్షణంలో కరెంటు ఏ దారిన పోయిందన్నది. స్పానర్ నేరుగా బ్యాటరీ పాజిటివ్ పోస్టుకూ (టెర్మినల్‌కూ) బాడీకీ మధ్య తగిలి ఉంటే, కరెంటు పోస్టు నుంచి స్పానర్ గుండా బాడీలోకి, అక్కడి నుంచి ఎర్త్ కేబుల్ మీదుగా నెగెటివ్‌కు చేరుతుంది. ఆ దారిలో ఫ్యూజే ఉండదు కాబట్టి బ్యాటరీనీ ఎర్త్ కేబుల్ కొసలనూ అనుమానించాలి. మీ విషయం వేరు. మీరు పట్టుకున్న నట్టు ఫ్యూజు పెట్టెది. అందులో బ్యాటరీ కరెంటు లోపలికి వచ్చే బోల్టు ఒకటి, ఫ్యూజులను దాటి బయటికి వెళ్ళే బోల్టులు కొన్ని ఉంటాయి. బయటికి వెళ్ళే బోల్టు మీద స్పానర్ ఉండగా అది బాడీని తాకితే, వందల ఆంపియర్లు ఆ ఒక్క ఫ్యూజు గుండానే పరుగెత్తి, రెప్పపాటులో దానిని కరిగించేస్తాయి.

ఈ పెద్ద ఫ్యూజులు చాలామంది దృష్టికి రావు. చిన్న ఫ్యూజుల్లాగా లాగితే ఊడిరావు. 40, 60, 80 ఆంపియర్ల వంటి రేటింగులతో, ప్లాస్టిక్ మూత కింద బోల్టులతో బిగించి ఉంటాయి. మూత తీసి, మల్టీమీటర్‌ను 20 వోల్టుల డీసీ స్కేలులో పెట్టి, నల్ల ప్రోబును నెగెటివ్ పోస్టుకు ఆనించి, ఎర్ర ప్రోబుతో ప్రతి ఫ్యూజునూ రెండు పక్కలా తాకి చూడండి. ఒక పక్క 12.5 వోల్టులు, రెండో పక్క సున్నా చూపిస్తే తెగిన ఫ్యూజు దొరికినట్టే. రెండు పక్కలా 12.5 వచ్చినా అప్పుడే నమ్మవద్దు. సగం కాలిన అతుకు కూడా మీటరుకు నిండు వోల్టేజీనే చూపిస్తుంది, ఎందుకంటే మీటరు తీసుకునే కరెంటు దాదాపు శూన్యం. 55 వాట్ల హెడ్‌లైట్ బల్బును ఫ్యూజు అవతలి పక్కకూ ఎర్త్‌కూ మధ్య కలిపితే అది నాలుగున్నర ఆంపియర్ల దాకా లాగుతుంది. అప్పుడు వోల్టేజీ ఒక్కసారిగా పడిపోయిందంటే లోపం అక్కడే ఉంది.

తెగిన ఫ్యూజు కనిపించగానే కొత్తది బిగించేయకండి. ముందు నెగెటివ్ కేబుల్ విప్పి, పాత ఫ్యూజు తీసేసి, దాని స్థానంలో అదే హెడ్‌లైట్ బల్బును కలిపి, ఆ తరువాత నెగెటివ్‌ను తిరిగి తగిలించండి. తాళం ఆపి ఉండగా బల్బు నిండుగా వెలిగితే షార్ట్ ఇంకా అలాగే ఉందని, ఏదో వైరు తోలు కరిగి బాడీని తాకుతోందని అర్థం. దానిని సరిచేసేదాకా కొత్త ఫ్యూజు పెట్టకూడదు. వెలగకపోయినా, మసకగా వెలిగినా అదే రేటింగు ఫ్యూజు వేయవచ్చు. అంతకంటే పెద్దది వేయడం, వైరు ముక్క చుట్టడం చాలా ప్రమాదకరం. అప్పుడు ఫ్యూజుకు బదులు వైరింగే కాలుతుంది.

ఇక స్కానర్ సంగతి. స్కానర్ వెలగడానికి కావలసిన కరెంటు దానిని తగిలించే సాకెట్‌లోని 16వ పిన్ను నుంచి నేరుగా వస్తుంది, తాళంతో దానికి పని లేదు. ఈసీఎంకు మాత్రం తాళం తిప్పినప్పుడు వచ్చే కరెంటు కావాలి. మీ ఫ్యూజు తెగి ఉంటే ఆ కరెంటు అందదు, అందనప్పుడు స్కానర్‌కు ఈసీఎం బదులివ్వదు. మీ మెకానిక్ చూసిన మౌనం అదే కావచ్చు. ఫ్యూజులు, రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్), తాళం తిప్పే ఇగ్నిషన్ స్విచ్ బాగుండి, ఈసీఎం కనెక్టరులో సప్లై, ఎర్త్ రెండూ సరిగా అందుతూ ఉన్నా అది పలకనప్పుడే దానిని అనుమానించాలి.

ఇంజిన్ స్టార్ట్ అయ్యాక బ్యాటరీ పోస్టుల మధ్య వోల్టేజీ కూడా చూడండి. చాలా కార్లలో అది 13.8 నుంచి 14.5 మధ్య ఉంటుంది, 12.5 దగ్గరే ఉండి క్రమంగా తగ్గుతుంటే ఆల్టర్నేటర్ ఫ్యూజు కూడా తెగిందేమో పరీక్షించాలి.

ఈ పనులలో ఏ నట్టు విప్పాలన్నా ముందు నెగెటివ్ కేబుల్ తీయండి, దానిని చివరగా బిగించండి. నెగెటివ్ ఊడి ఉంటే స్పానర్ బాడీకి తగిలినా కరెంటుకు తిరుగు దారి ఉండదు. చేతి ఉంగరం, గడియారం తీసి పక్కన పెట్టండి. ఎయిర్‌బ్యాగు తీగలను, అంటే సాధారణంగా పసుపు రంగు కనెక్టర్లు ఉన్నవాటిని, బల్బుతో గానీ మీటరుతో గానీ తాకవద్దు.