లేజరును శ్రుతి చేస్తామా, పట్టుకుంటామా?

సందేహం: విశాఖపట్నంలో భౌతికశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. జాతీయ సైన్స్ దినోత్సవానికి రామన్ మైక్రోస్కోపు మీద వ్యాసం రాస్తూ ‘కాంపాక్ట్ ట్యూనబుల్ ఫైబర్ లేజర్’ను ‘సంక్షిప్త శ్రుతి చేయగల పీచు లేజర్’ అన్నాను. చదివినవాళ్లు నవ్వారు. తప్పెక్కడుంది?
– ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ

సమాధానం: వాళ్లు ‘పీచు’ దగ్గర నవ్వి ఉంటారు. అసలు చిక్కు ‘చేయగల’లో ఉంది.

‘పాడగల పిల్ల’ అంటే పాడేది పిల్లే. ‘శ్రుతి చేయగల లేజర్’ అన్నా అంతే. లేజరే బిరడలు తిప్పి దేన్నో శ్రుతి చేస్తుందని తోస్తుంది. మన క్రియాజన్య విశేషణానికి కర్తా కర్మా ఒకటే: కోసిన కత్తి, కోసిన కాయ. ఏది కోసిందో, దేన్ని కోశారో లోకజ్ఞానం చెప్పాలి. ఎన్నడూ చూడని యంత్రం విషయంలో ఆ జ్ఞానం పాఠకుడికి ఎక్కణ్ణుంచి వస్తుంది? ‘చేయదగిన’ అంటే కర్మకే చెల్లుతుంది గానీ, ‘చూడదగిన సినిమా’లో లాగా సలహా వాసన కొడుతుంది. ‘మార్చే వీలున్న’ అనండి, పేచీ లేదు.

ఇక ‘శ్రుతి’. తంబురా శ్రుతి కచేరీ అయ్యేదాకా కదలకూడదు. మీ లేజరు పని కదలడమే. ఇలాంటి మైక్రోస్కోపులో వాడే ఉత్తేజిత రామన్ పద్ధతిలో రెండు లేజర్ కాంతులు నమూనాలో ఒకే చుక్క మీద పడతాయి. వాటి పౌనఃపున్యాల తేడా అక్కడి అణుబంధం కంపనంతో సరిపోతేనే సంకేతం. ఒకదాని తరంగదైర్ఘ్యం 1064 నానోమీటర్ల దగ్గర ఉంటే, కొవ్వు కనబడడానికి రెండోది సుమారు 817 దగ్గర ఉండాలి. 811కి జరిపితే ప్రోటీన్లు తేలతాయి. రేడియో ముల్లు తిప్పి స్టేషన్ పట్టినట్టు! మన ఇళ్లలో ‘విశాఖపట్నం కేంద్రం శ్రుతి చెయ్యి’ అని ఎవరూ అనలేదు, ‘పట్టు’ అన్నారు. వ్యాసం నడకలో ‘కొవ్వు కంపనాన్ని పట్టడం’ హాయిగా ఒదుగుతుంది.

‘రంగు మార్చే లేజర్’ అందామని నాకూ అనిపించింది. కానీ పై అంకెలన్నీ పరారుణంలోవి, కంటికి రంగులే కావు. తరంగదైర్ఘ్యం అనక తప్పదు.

పీచు కొబ్బరికాయది, నార అరటిది, పోగు మగ్గానిది. పాఠ్యపుస్తకాల ‘తంతువు’ తప్పు కాదు. ‘గాజుపోగు’ నాకు ముద్దుగానే ఉంటుంది, కానీ ‘ఇంటికి ఫైబర్ వేయించాం’ అంటున్న ఊరికి ఫైబరే చాలు. ‘సంక్షిప్త’ మాత్రం కొట్టేయండి: సంక్షిప్తం చేసేది కథనో ప్రసంగాన్నో. పొడవాటి ఫైబరును చుట్టగా చుట్టి చిన్న పెట్టెలో ఇమిడిస్తారు కనుక ‘పొందికైన’ సరిపోతుంది.

‘తరంగదైర్ఘ్యం మార్చే వీలున్న పొందికైన ఫైబర్ లేజర్’ అని మొదట ఒక్కసారి రాసి, ఆపైన ‘ఈ లేజర్’ అనండి. మిగిలిన చోటులో, 1928 ఫిబ్రవరి 28న రామన్ ఫలితాన్ని కనుగొని ఈ దినోత్సవానికి కారణమైన సి.వి. రామన్ బాల్యం మన ఊళ్లోనే గడిచిందనీ, తండ్రి ఇక్కడి ఏవీఎన్ కాలేజీలో పాఠాలు చెప్పారనీ ఒక వాక్యం చేర్చండి.