మున్నార్ తేయాకు తోటలో బస: జులైలో వద్దు

అన్నా, జులైలో అమ్మానాన్నలతో తోట లోపలే ఉండొచ్చా అన్నారు కదా, నెల మార్చండి. సెప్టెంబర్ దాకా కుండపోత వానలు, ఘాట్‌లో కొండచరియలు విరిగిపడతాయి, జలగలు సరేసరి. నవంబర్ మేలు. ఫిబ్రవరి, మార్చి కూడా వద్దు. కొండమేకలు ఈనే కాలమని మున్నార్ పక్కనున్న ఇరవికుళం పార్కు మూసేస్తారు.

వరంగల్‌లో కేరళ ఎక్స్‌ప్రెస్ ఎక్కి కొచ్చి దగ్గరి ఆలువాలో దిగితే, అక్కణ్ణుంచి సుమారు 110 కిలోమీటర్లు, కారులో నాలుగు గంటలు. అమ్మగారికి వాంతులన్నారు: మాత్ర బయల్దేరే అరగంట ముందే వేయాలి, మలుపులు మొదలయ్యాక వేస్తే దండగ. ముందు సీటు ఆమెకే.

డబ్బు కట్టే ముందు కారు గది దాకా వస్తుందా అని అడగండి. కొన్ని తోటల్లో చివర అంతా రాళ్లబాట, జీపు ఖర్చు వేరే. సెలవు జులై నుంచి మారదంటే, జలగ పడితే పీకొద్దు; గోరును చర్మానికి ఆనించి జలగను పక్కకు నెట్టండి.