స్కీయర్లను లాగే జెట్ స్కీ: లోన్ తీసుకోవాలా, సెకండ్ హ్యాండ్ చూసుకోవాలా?

ప్రశ్న: మేం నలుగురం. అమ్మాయికి 17, అబ్బాయికి 14. ఇద్దరికీ వాటర్ స్కీయింగ్, వేక్‌బోర్డింగ్ (తాడు పట్టుకుని స్కీల మీదో, ఒకే వెడల్పాటి బోర్డు మీదో నీళ్లపై జారడం) అంటే ప్రాణం. ఇన్నాళ్లూ జెట్ స్కీ, అంటే నీళ్ల మీద బైకులా నడిపే బండి, అద్దెకు తీసుకుంటున్నాం. ఏడాదికి పన్నెండు వారాంతాలు వెళ్తాం, వెళ్లినప్పుడల్లా రెండు గంటలు నీళ్ల మీద ఉంటాం. ఇప్పుడు సొంతంగా కొనాలనుకుంటున్నాం. డీలర్ సీ-డూ కంపెనీ వేక్ ప్రో 230 (230 హార్స్‌పవర్) తీసుకోమంటున్నాడు. దానికి ఐదేళ్ల లోన్ కావాలి. మా ఆయన అదే కంపెనీ చిన్న బండి స్పార్క్ చాలు, అప్పు వద్దంటున్నారు. దీనికోసం విడిగా దాచిన డబ్బు ఆ కంపెనీదే 170 హార్స్‌పవర్ ఉన్న కొత్త వేక్ 170 ధరలో ముప్పాతిక వంతు ఉంది. అమ్మాయి కాలేజీకి దాచింది వేరే ఉంది, కావాలంటే అందులోంచి కొంత తీయగలం. ఏం చేయమంటారు?

జవాబు: అప్పు వద్దన్న మీ ఆయన మాట సరైనదే. కానీ స్పార్క్ మీ పనికి రాదు. డీలర్ చెప్పిన బండి మీ పనికి వస్తుంది గానీ, మీరు వాడని శక్తికి కూడా అందులో డబ్బు కట్టాలి. ఇక కాలేజీ డబ్బు జోలికి వెళ్లకండి. అమ్మాయికి 17 అంటే ఆ డబ్బు అవసరం గుమ్మంలోనే ఉంది. పండగకో పబ్బానికో వాడుకునే వస్తువు కోసం దాన్ని కదిలించడానికి నేను ఒప్పుకోను.

ముందు సీట్ల సంగతి చూద్దాం, ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. స్కీయర్‌ని లాగేటప్పుడు బండి మీద ఇద్దరుండాలి. నడిపేవాళ్లు ముందుకు చూడాలి, వెనక్కి తిరిగి స్కీయర్‌ని గమనించడానికి ఇంకొకరు కావాలి. చాలాచోట్ల ఇది చట్టం కూడా. స్కీయర్ అలసిపోయినా, దెబ్బ తగిలినా ఎక్కించుకుని ఒడ్డుకు తేవాలి కాబట్టి మూడో సీటు ఖాళీగా ఉండాలి. అంటే మూడు సీట్ల బండి తప్పనిసరి. స్పార్క్‌లో మూడు సీట్ల రకం ఉంది, నిజమే. కానీ అది మోయగల బరువు సుమారు 200 కిలోలే. మీ ఇద్దరూ పైన కూర్చుని, తడిసిన లైఫ్ జాకెట్‌తో అమ్మాయిని ఎక్కించుకుంటే ఆ హద్దు దగ్గరికి వచ్చేస్తారు. పైగా స్పార్క్ తేలికైన బండి. స్కీయర్ పక్కకి గట్టిగా కోసుకుంటూ వెళ్తే తాడు బండి వెనక భాగాన్ని తనవైపు లాగేస్తుంది, నడిపేవాళ్లు ప్రతిసారీ హ్యాండిల్‌తో కుస్తీ పట్టాలి. చిన్న పిల్లల్ని ట్యూబు మీద కూర్చోబెట్టి తిప్పడానికి అది చక్కటి బండి. మీ పిల్లలు ఆ దశ దాటిపోయారు. ఇవాళ స్పార్క్ కొంటే ఏడాది తిరిగేలోగా నష్టానికి అమ్మి పెద్దది కొంటారు, రెండుసార్లు తరుగు భరిస్తారు.

ఇప్పుడు 170, 230ల తేడా. రెండింట్లోనూ ఉన్నది రోటాక్స్ 1630 సీసీ ఇంజనే. 230కి అదనంగా సూపర్‌చార్జర్ (ఇంజన్‌లోకి ఎక్కువ గాలి నెట్టి శక్తి పెంచే పరికరం) ఉంటుంది, బాడీ పెద్దది, బరువు ఎక్కువ. ఆ బరువు వల్ల లాగేటప్పుడు నిలకడ కాస్త మెరుగ్గా ఉంటుంది, అది కాదనను. కానీ వేక్‌బోర్డర్‌ని లాగే వేగం గంటకు 30 నుంచి 37 కిలోమీటర్లు. ఒంటి స్కీ మీద వెళ్లేవాళ్లకు 45 నుంచి 55 దాకా కావాలి. 170 హార్స్‌పవర్ బండికి ఇది సగం పని. 230లో అదనంగా ఉన్న 60 హార్స్‌పవర్ ఇంకా పై వేగానికే తప్ప మీ పిల్లల స్కీయింగ్‌కి పెద్దగా కలిసిరాదు. ఖర్చులో మాత్రం అన్నిచోట్లా కలుస్తుంది. ధర ఎక్కువ, ఎక్కువ ఆక్టేన్ ఉన్న ఖరీదైన పెట్రోలు పోయడం మంచిది, సర్వీసింగ్ బిల్లు పెద్దది.

లాగడానికి నిజంగా కావాల్సినవి రెండు వేక్ మోడళ్లలోనూ ఉన్నాయి. అవసరమైనప్పుడు పైకి లాగి, అక్కర్లేనప్పుడు కిందికి దించే కడ్డీ ఉంటుంది. తాడు దానికి కడితే ఎత్తు నుంచి లాగుతుంది కాబట్టి నీళ్లలోంచి లేచేవాళ్లకు సులువు. బోర్డు పెట్టుకునే స్టాండ్ ఉంటుంది. అన్నిటికన్నా విలువైనది స్కీ మోడ్. ప్రతిసారీ ఒకే తీరులో బయల్దేరి, పెట్టిన వేగం దగ్గర నిలబడుతుంది. కొత్తగా నడిపేవాళ్లు యాక్సిలరేటర్ ఒక్కసారిగా నొక్కేసి స్కీయర్ చేతుల్లోంచి హ్యాండిల్ ఊడిపోయేలా చేయడం మీరు చూసే ఉంటారు, ఆ బాధ తప్పుతుంది. యమహా, కవాసాకీల్లోనూ వేగాన్ని నిలిపి ఉంచే సదుపాయం ఉన్న మూడు సీట్ల బళ్లు దొరుకుతాయి. ఒకే కంపెనీ అని పట్టుబట్టకండి.

ఒక విషయం అమ్మాయికి ముందే చెప్పండి. ఏ జెట్ స్కీ అయినా వెనక లేపే అల చిన్నదే. వేక్‌బోర్డింగ్ కోసమే చేసిన, బరువు నింపుకునే పెద్ద బోటు (వేక్‌బోట్) లేపినంత పెద్ద అల రాదు. అల మీంచి ఎగిరి అవతల దిగే విన్యాసాలు తనకు కావాలంటే ఏడాదిలో ఒకటి రెండు రోజులు బోటు అద్దెకు తీసుకోండి. 230 కొన్నా ఆ అల రాదు.

ఇక లెక్క. కొత్త 170 ధరని 100 అనుకుందాం. ట్రెయిలర్, జాకెట్లు, తాళ్లు, కవరు, రిజిస్ట్రేషన్ కలిపి 15 వేసుకోండి. ఇన్సూరెన్స్, సర్వీసింగ్, బండి పెట్టుకునే చోటు కలిపి ఏడాదికి 7 చొప్పున ఐదేళ్లకు 35. ఐదేళ్ల తర్వాత 50కి అమ్ముడుపోతుందనుకుంటే నికర ఖర్చు 100. ఇవి నేను ఉదాహరణకు వేసిన అంకెలు, మీ కొటేషన్లు పెట్టుకుని ఇదే వరసలో వేయండి. పెట్రోలు కలపలేదు, అద్దె బండికైనా అది పోయాల్సిందే కదా. మీ వాడకం ఏడాదికి 24 గంటలు, ఐదేళ్లకు 120. అంటే ఒక్కో గంటకి బండి ధరలో 0.83 శాతం ఖర్చవుతోంది. మీరు ఇప్పుడు కడుతున్న గంట అద్దె దీనికన్నా తక్కువైతే డబ్బుపరంగా అద్దే మేలు. ఏడాదికి 50 గంటలు తిరిగే కుటుంబానికి ఇదే లెక్క 0.4 శాతానికి దిగుతుంది, అప్పుడు సొంత బండి గెలుస్తుంది. బండి చేతిలో ఉంటే ఎక్కువసార్లు వెళ్తాం అనిపిస్తుంది. కానీ ఇద్దరు పిల్లల చదువులు ముదిరే ఏళ్లివి, అమ్మాయి ఇల్లు వదిలి వెళ్తే వాడకం ఇంకా తగ్గవచ్చు. ఆ కోణంలో ఇంట్లో నలుగురూ కూర్చుని మాట్లాడుకోండి.

లోన్ కలిపితే లెక్క మరీ బరువవుతుంది. ఉదాహరణకు ధరలో 80 అప్పు చేసి, ఏటా 10 శాతం వడ్డీతో ఐదేళ్లు కడితే వడ్డీయే దాదాపు 22. నికర ఖర్చు 122కి చేరుతుంది, అదీ 170కే. 230కి ఇంకా పైనే. వాన పడినా, పరీక్షలున్నా, పిల్లలు రానన్నా ఈఎంఐ మాత్రం వస్తుంది. ఆ టెన్షన్ సరదా కోసం కొన్న వస్తువుకి ఉండకూడదని నా గట్టి అభిప్రాయం.

కొనాలనే నిర్ణయించుకుంటే నా ఓటు రెండు మూడేళ్లు వాడిన మూడు సీట్ల, సూపర్‌చార్జర్ లేని బండికి. 60కి దొరికితే, పై సామాన్లకు 15 కలిపి 75. సరిగ్గా మీ దగ్గరున్న డబ్బు. అయితే ధరలో కనిపించినంత ఆదా చేతికి రాదు, ఎందుకంటే ట్రెయిలర్ ఖర్చు, ఏటా ఖర్చులు బండి పాతదైనంత మాత్రాన సగం కావు. పాత బండి మరమ్మతులు కూడా కలిపి ఏటా ఖర్చు 7 బదులు 8 వేస్తే ఐదేళ్లకు 40, చివర్లో 35కి అమ్మితే నికరం 80. కొత్తదానికీ దీనికీ తేడా 20. లోన్‌తో పోలిస్తే 42. ఏటా అయ్యే ఆ 8 మీ నెలవారీ మిగులులోంచి రావాలి. అది కష్టమనిపిస్తే ఇంకో ఏడాది అద్దెతోనే నడిపించండి.

పాత బండి చూసేటప్పుడు ఇంజన్ ఎన్ని గంటలు తిరిగిందో చూపే మీటరుతో పాటు అది అద్దెలకు తిరిగిందా అని అడగండి. ఇంజన్ ఆపి, నడిపేవాళ్ల ఒంటికి తాడుతో తగిలించే కీ తీసేసి, వెనక్కి వెళ్లి టార్చి వేసి, నీళ్లను వెనక్కి చిమ్మి బండిని నెట్టే పంపులోకి చూడండి. లోపల రెక్కల అంచులు నున్నగా ఉండాలి. గాట్లు, వంకర్లు ఉంటే, లేదా రెక్కల చివరకీ చుట్టూ ఉన్న రింగుకీ మధ్య సందు పెరిగి ఉంటే, ఇంజన్ గర్జిస్తుంది గానీ బండి లాగదు. ఒంటరిగా తిరిగేవాళ్లకు అది తెలియకపోవచ్చు. నీళ్లలో మునిగి ఉన్న స్కీయర్‌ని పైకి లేపే క్షణంలో మీకు బాగా తెలుస్తుంది. తాడు కట్టే కొక్కెం చుట్టూ పగుళ్లున్నాయేమో చూడండి. పైపుల్ని బిగించే క్లాంపుల మీద తెల్లటి పొర, తుప్పు ఉంటే ఉప్పునీళ్లలో తిరిగి కడగని బండి అన్నమాట, ధర ఎంత దిగినా వదిలేయండి. మెకానిక్‌తో కంప్రెషన్ పరీక్ష (ఇంజన్ సిలిండర్లలో ఒత్తిడి చూడటం) చేయించడానికి అయ్యే ఖర్చు దండగ కాదు.

అడ్వాన్స్ ఇవ్వకముందే ఇన్సూరెన్స్ వాళ్లని ఒక ప్రశ్న రాతపూర్వకంగా అడగండి: లాగబడుతున్న మనిషికి దెబ్బ తగిలితే పాలసీ వర్తిస్తుందా? కొన్ని పాలసీల్లో బండికి, నడిపేవాళ్లకు కవర్ ఉండి స్కీయర్‌ని మినహాయిస్తారు. వదులైన తాడు పంపులోకి చుట్టుకుపోతే అయ్యే నష్టం సంగతీ అడగండి, లాగే బళ్లలో తరచూ జరిగేది అదే. అబ్బాయి నడపడానికి, వెనక్కి చూసేవాడిగా కూర్చోవడానికి మీ దగ్గర వయసు నిబంధన ఏముందో కూడా అప్పుడే కనుక్కోండి. 14 ఏళ్లకు కుదరకపోతే అమ్మాయి స్కీ చేసే ప్రతిసారీ మీ దంపతులిద్దరూ బండి మీద ఉండాల్సి వస్తుంది. అప్పుడు ఏడాదికి 24 గంటలు కూడా నిజంగా వీలవుతాయా అన్నది మళ్లీ లెక్కేసుకోండి.