కంటి చుక్కలు, లెన్సులు, పేటెంట్లు – పెరంబూర్ అన్నగారి అమ్మాయి ఏం చదవాలి

పెరంబూర్‌లో ఆప్టికల్ షాపు నడిపే అన్నగారు ఒకరు అడిగారు, సొంతూరు నెల్లూరు వైపు, ఇరవై ఏళ్ళ నుంచి చెన్నైలోనే ఉంటున్నారట. వాళ్ళమ్మాయి బి.ఫార్మ్ మూడో సంవత్సరం, "కంటి మందుల్లో, లెన్స్ మెటీరియల్స్‌లో కొత్తవి కనిపెట్టి పేటెంట్ చేసే పనిలోకి వెళ్తా నాన్నా" అంటోందట. చుట్టాల్లో ఒకరు పేటెంట్ అంటే లా చదవాలి అంటారు, ఇంకొకరు ఎంబీఏ చేయించెయ్ అంటారు, అసలు ఇలాంటి దారి ఒకటి ఉందా, మందులా లెన్సులా ఏదో ఒకటి తేల్చుకోవాలా అని ఆయన ప్రశ్న.

దారి ఉంది అన్నగారూ. ఎంబీఏ గోల ఇప్పుడు వద్దు. లా కూడా ఇప్పుడు వద్దు, అది ఎందుకో కింద చెప్తా. ముందు ఎం.ఫార్మ్, అందులో ఫార్మాస్యూటిక్స్, అంటే మందుని వాడటానికి వీలైన రూపంలోకి తెచ్చే చదువు, ఇది నా మొదటి మాట. మందులా లెన్సులా అని ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదు, ఎందుకంటే ఆ రెండూ ఇప్పుడు ఒకే చోట కలుస్తున్నాయి.

మా అమ్మకి గ్లాకోమా, అదే కంటి ప్రెషర్ జబ్బు, రోజూ రాత్రి చుక్క వేసేది నేనే. ఒక చుక్క అంటే సుమారు 30 నుంచి 50 మైక్రోలీటర్లు ఉంటుంది, కంట్లో మామూలుగా ఉండే కన్నీరు 7 మైక్రోలీటర్లే, కన్ను పట్టుకోగలిగేది మహా అయితే 30. మిగతాది చెంప మీదకి కారిపోద్ది, లేదంటే ముక్కులోంచి గొంతులోకి దిగి చేదు తగులుద్ది, రెప్ప కొట్టేకొద్దీ ఇంకా కొట్టుకుపోద్ది, చివరికి కార్నియా, అంటే కంటి ముందున్న పారదర్శక పొర, దాటి లోపలికి చేరే మందు 5 శాతం కూడా ఉండదు. మీ అమ్మాయి పని చేయాల్సింది ఆ పోయే 95 శాతం మీద. మాలిక్యూల్ కనిపెట్టేది కెమిస్ట్, కానీ దాన్ని కంట్లో ఎక్కువ సేపు నిలబెట్టడం, మంట పుట్టకుండా చేయడం, సీసాలో చెడకుండా ఉంచడం, ఇదంతా ఫార్మాస్యూటిక్స్ చదివినవాళ్ళ చేతి పని, కంటి మందుల్లో చాలా పేటెంట్లు వచ్చేదీ ఇక్కడే.

గ్లాకోమాకి వేసే చుక్క మందు లాటానోప్రోస్ట్ సంగతే తీసుకోండి. కొలంబియా యూనివర్సిటీలో లాస్లో బిటో అనే ఆయన ప్రోస్టాగ్లాండిన్లు అనే, ఒంట్లోనే తయారయ్యే రసాయనాల మీద ఏళ్ళ తరబడి పని చేశాడు, అవి కంట్లో వాపు తెస్తాయి, ప్రెషర్ పెంచుతాయి అని అందరూ అనుకునే రోజుల్లో తక్కువ డోసులో ప్రెషర్ తగ్గిస్తాయని చూపించాడు, అక్కడ మొదలైన పని 1996లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి దాకా వచ్చింది. 2011లో అమెరికాలో దాని పేటెంట్ అయిపోయింది, జనరిక్స్, అంటే వేరే కంపెనీలు చేసే అదే మందు, వచ్చేశాయి. మరి పని అయిపోయిందా అంటే లేదు, తెరవని సీసా 2 నుంచి 8 డిగ్రీల్లో ఫ్రిజ్‌లో పెట్టాలి, అందులో ప్రిజర్వేటివ్‌గా వేసే బెంజాల్కోనియం క్లోరైడ్ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళకి కంటి పైపొరని దెబ్బతీస్తుంది, అందుకే ఫ్రిజ్ అక్కర్లేని రకాలు, ప్రిజర్వేటివ్ లేని రకాలు తర్వాత వరసగా వచ్చాయి. కరెంటు పోయిన రాత్రి మందు పాడైపోద్దేమో అని ఐస్ ముక్కల మధ్య సీసా పెట్టినవాణ్ణి నేను, ఆ చిన్న మార్పు ఇంట్లో ఎంత పెద్ద తేడానో నాకు తెలుసు.

ఇక లెన్సులు. ఇది మీకే నాకంటే బాగా తెలుసు, మీ షాపులో రోజూ చేతిలో పట్టుకునేవే. ఫైబర్ లెన్స్ అని మీరు ఇచ్చే సీఆర్-39 ఉందే, ఆ పేరులో 39 అంటే కొలంబియా రెజిన్ అనే వరసలో 39వ ఫార్ములా. శుక్లం ఆపరేషన్‌లో కంటి లోపల పెట్టే లెన్స్‌కి మూలం ఇంకా విచిత్రం, రెండో ప్రపంచ యుద్ధంలో విమానం కాక్‌పిట్ అక్రిలిక్ ముక్కలు పైలట్ల కళ్ళలో గుచ్చుకుని కూడా రియాక్షన్ ఇవ్వకపోవడం గమనించి, అదే రకం ప్లాస్టిక్‌తో హరాల్డ్ రిడ్లీ అనే కంటి డాక్టర్ 1949 నవంబర్‌లో లండన్‌లో మొదటి లెన్స్ పెట్టాడు. సాఫ్ట్ కాంటాక్ట్ లెన్స్ కథ మాత్రం మీ పాప తప్పకుండా చదవాలి. ప్రేగ్‌లో ఒట్టో విక్టర్లే అనే కెమిస్ట్ నీళ్ళు పీల్చుకునే హైడ్రోజెల్ తయారు చేశాడు, సంస్థలో ప్రాజెక్టు ఆపేస్తే ఇంట్లోనే, 1961 క్రిస్మస్ టైమ్‌లో, పిల్లలు ఆడుకునే మెర్కుర్ బిల్డింగ్ సెట్ ముక్కలతో, సైకిల్ డైనమోతో మెషీన్ కట్టి లెన్సులు తిప్పి తీశాడు. తర్వాత పేటెంట్ హక్కులు అమెరికాకి అమ్మింది ఆయన కాదు, ఆయన దేశపు ప్రభుత్వ సంస్థ, 1971లో బాష్ అండ్ లాంబ్ అనే అమెరికా కంపెనీ వాటితోనే లెన్స్ మార్కెట్‌లోకి తెచ్చింది, డబ్బు అక్కడ పారింది. అందుకే అంటున్నా, ఎం.ఫార్మ్‌లో చేరే ముందు ఆ కాలేజీ ఐపీ పాలసీ, అంటే అక్కడ కనిపెట్టినవాటి హక్కుల నియమాలు, ఒక్కసారి చదవమనండి, స్టూడెంట్ పేరు ఇన్వెంటర్‌గా ఉంటుందా, హక్కు ఎవరిది, డబ్బు వస్తే వాటా ఎంత. ఇవన్నీ అడగడం అమర్యాద కాదు.

1999లో సిలికోన్ హైడ్రోజెల్ లెన్సులు వచ్చాయి, వాటిలోంచి కంటికి ఆక్సిజన్ బాగా అందుతుంది, వాటి పేటెంట్ల మీద పెద్ద కంపెనీలు ఏళ్ళ తరబడి కోర్టుల్లో కొట్టుకున్నాయి. 2022లో అమెరికా ఎఫ్‌డీఏ ఇంకోటి అనుమతించింది, కీటోటిఫెన్ అనే ఎలర్జీ మందు లోపల ఉన్న కాంటాక్ట్ లెన్స్, పెట్టుకుంటే చూపూ సరవుతుంది, దురదా తగ్గుతుంది. మందూ లెన్సూ కలిసే చోటు అన్నానే, ఇదే. బి.ఫార్మ్ చేసిన పిల్లకి పాలిమర్లు, అంటే ప్లాస్టిక్ లాంటి పొడుగు గొలుసు పదార్థాలు, కూడా అర్థమైతే ఇక్కడ నిలబడగలదు, ప్లాస్టిక్ ఇంజనీర్‌కి డ్రగ్ రిలీజ్, అంటే మందు మెల్లగా బయటికి రావడం, తెలియదు, ఫార్మసీ వాళ్ళకి క్రాస్‌లింకింగ్, అంటే ఆ గొలుసుల్ని ఒకదానికొకటి ముడెయ్యడం, అంటే భయం, ఆ రెండూ తెలిసినవాళ్ళు తక్కువ.

కాబట్టి ఎం.ఫార్మ్ సీటుకి రాసే జీప్యాట్ పరీక్షకి ఇప్పటినుంచే చదవమనండి, కేంద్ర ప్రభుత్వ ఫార్మసీ సంస్థలైన నైపర్‌ల ఎంట్రన్స్ కూడా చూడమనండి. సీటు కంటే గైడ్ ముఖ్యం. కంట్లో పడగానే జెల్‌గా మారే చుక్కలు, హైడ్రోజెల్స్, మందుని అతి చిన్న నూనె బిందువుల్లో కలిపే నానో ఎమల్షన్లు, వీటిమీద నిజంగా పని చేసే గైడ్ ఎక్కడున్నారో చూసి అక్కడ చేరాలి. గిండీలో ప్లాస్టిక్స్ మీద పని చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీపెట్ ఉంది, ప్లాస్టిక్స్ టెస్టింగ్ అంతా అక్కడ జరుగుతుంది, ప్రాజెక్టు టైమ్‌లో గైడ్ ద్వారా పర్మిషన్ అడిగి చూడాలి. మదురైలో అరోల్యాబ్ 1992 నుంచి కంట్లో పెట్టే లెన్సులు తక్కువ ధరకి తయారు చేస్తోంది, కంటి మందులూ చేస్తోంది, ఇంటర్న్‌షిప్‌కి అడగాల్సిన మొదటి చోటు నా దృష్టిలో అదే. అక్కడ స్టెరైల్ తయారీ, అంటే సూక్ష్మజీవి ఒక్కటీ లేకుండా చేయడం, అంటే ఏంటో కళ్ళారా చూడాలి. 2023లో మన దేశంలో తయారై అమెరికాలో అమ్మిన కంటి చుక్కల వల్ల మందులకి లొంగని ఇన్ఫెక్షన్లు వచ్చి కొందరు చూపు పోగొట్టుకున్నారు, ప్రాణాలు కూడా పోయాయి. ఎంత గొప్ప పేటెంట్ అయినా సీసాలో బాక్టీరియా ఉంటే దేనికీ పనికిరాదు, ఈ భయం ఆ పిల్లకి మొదటి రోజు నుంచే ఉండాలి.

ఇక లా సంగతి. పేటెంట్ ఏజెంట్, అంటే పేటెంట్ దరఖాస్తులు రాసి ఆఫీసులో వేసే మనిషి, కావడానికి లా డిగ్రీ అక్కర్లేదు అన్నగారూ. 21 ఏళ్ళు నిండాలి, సైన్స్ లేదా ఇంజనీరింగ్, టెక్నాలజీ డిగ్రీ ఉండాలి, పేటెంట్ ఏజెంట్ ఎగ్జామ్ పాసవ్వాలి, ప్రతి పేపర్లో 50 శాతం, మొత్తం మీద 60 శాతం, వైవా కూడా ఉంటుంది. ఈ పరీక్ష ప్రతి ఏడాదీ రాదు, కాబట్టి నోటిఫికేషన్ వచ్చాక చదువుదాంలే అనుకుంటే కుదరదు. మన గిండీలోనే పేటెంట్ ఆఫీసు ఉంది, ఆంధ్రా, తెలంగాణ, కర్ణాటక దరఖాస్తులు కూడా దీని కిందకే వస్తాయి. కోర్టులో వాదించాలని తర్వాత అనిపిస్తే అప్పుడు లా చేయొచ్చు. కానీ రెండు మూడేళ్ళు ల్యాబ్‌లో చెయ్యి పెట్టకుండా నేరుగా పేటెంట్ ఆఫీసు పనిలోకి దూకినవాళ్ళని చూశాను, క్లెయిమ్, అంటే ఏది మా సొంతం అని పేటెంట్‌లో చెప్పే వాక్యం, రాస్తారు కానీ ఆ క్లెయిమ్‌లో ఏది నిజంగా కొత్తదో పట్టుకోలేరు.

మన చట్టం సంగతి కూడా చెప్పాలి. తెలిసిన మందుకే కొత్త రూపం కట్టి, పనితనం పెరిగిందని చూపించకపోతే సెక్షన్ 3డి కింద పేటెంట్ రాదు, 2013లో నోవార్టిస్ కేసులో సుప్రీంకోర్టు అదే తేల్చింది, అది కేన్సర్ మందే కానీ కంటి చుక్కలకీ అదే చట్టం. వైద్యం చేసే పద్ధతికి మన దగ్గర పేటెంటే లేదు. ఈ కట్టుబాటు మంచిదనే నా అభిప్రాయం. అమెరికాలో పొడి కళ్ళకి వాడే రెస్టాసిస్ కంపెనీ, 2017లో తన పేటెంట్లని ఒక ఆదివాసీ తెగ పేరు మీదకి మార్చింది, తెగలకుండే చట్ట రక్షణని సవాళ్ళకి అడ్డం పెట్టుకుందామని. ఆ తర్వాతి నెలలోనే కోర్టు అది ఆ రంగంలో ఉన్నవాళ్ళకి తేలిగ్గా తట్టే మార్పేనని ఆ క్లెయిములు కొట్టేసింది. మీ పాప ఇలాంటి పేటెంట్లు రాసే మనిషి కాకూడదు.

ఇంకొకటి. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడు మంచి జెల్ చేశాడు, సంతోషంలో జర్నల్‌లో పేపర్ వేసేశాడు, రెండేళ్ళయ్యాక పేటెంట్ అన్నాడు, తన పేపరే తనకి అడ్డమొచ్చింది. ముందు ప్రొవిజనల్ అప్లికేషన్, అంటే తాత్కాలిక దరఖాస్తు, వేసుకుంటే పూర్తి స్పెసిఫికేషన్‌కి, అంటే పూర్తి వివరాలు ఇవ్వడానికి, 12 నెలల టైమ్ ఉంటుంది, ఆ తర్వాత పేపర్ వేసుకోవచ్చు. ఫైల్ చేసిన తేదీ నుంచే 20 ఏళ్ళు లెక్క.

మొదలుపెట్టడానికి మాత్రం ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. ఆదివారం షాపులో ఒక కాంటాక్ట్ లెన్స్ డబ్బా పాప చేతికివ్వండి, దాని మీద ఎటాఫిల్కాన్ ఏ, నీళ్ళు 58 శాతం అని ఏదో ఒక మెటీరియల్ పేరు ఉంటుంది, గూగుల్ పేటెంట్స్‌లో ఆ పేరు కొట్టి ఒక పేటెంట్ తీసి, పైన కథంతా వదిలేసి చివర్లో ఉన్న క్లెయిములు మాత్రమే చదవమనండి, ఒకటో క్లెయిమ్‌ని మీకు అర్థమయ్యేలా తెలుగులో చెప్పమనండి. మీరు ఇన్నేళ్ళుగా లెన్సులు పట్టుకున్న మనిషి, ఎక్కడ తడబడుతోందో మీకు ఇట్టే తెలిసిపోద్ది. అలా ఒక నాలుగు చేశాక, ఏ క్లెయిమ్ దగ్గర ఆగిపోయిందో రాసి నాకు పంపమనండి, గైడ్‌ని ఎలా వెతకాలో అక్కడ్నుంచి మాట్లాడుకుందాం.