మార్చర్ లార్డ్ అంటే ఎవరు? మార్చి నెలతో ఏమైనా సంబంధం ఉందా?

నెలతో ఏ సంబంధమూ లేదు. ఇక్కడ ‘మార్చ్’ అంటే సరిహద్దు ప్రాంతం. పాత ఫ్రెంచి నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చింది. మార్‌గ్రేవ్, మార్క్విస్ అనే బిరుదులకూ ఇదే మూలం.

1066లో ఇంగ్లండ్‌ను గెలిచిన విలియం, పక్కనున్న వేల్స్ వైపు నుంచి దాడులు రాకుండా సరిహద్దు పట్టణాలైన చెస్టర్, ష్రూస్‌బరీ, హియర్‌ఫర్డ్‌లలో తన నమ్మకస్తులను పెట్టాడు. వాళ్లూ, తర్వాత వచ్చినవాళ్లూ వేల్స్ భూములు ఆక్రమించుకుంటూ పోయి మార్చర్ లార్డులయ్యారు. వాళ్ల అధికారం మామూలుది కాదు. రాజును అడక్కుండానే కోట కట్టుకోవచ్చు, యుద్ధానికి దిగొచ్చు, సొంత కోర్టు నడపొచ్చు. రాజుగారి రిట్ (రాతపూర్వక ఆజ్ఞ) అక్కడ చెల్లదు! వై నది ఒడ్డున నిట్టనిలువు రాతిగట్టు మీదున్న చెప్‌స్టో కోటను చూస్తే ఆ దర్జా తెలుస్తుంది. దాన్ని 1067లో మొదలుపెట్టింది రాజు హియర్‌ఫర్డ్‌లో పెట్టిన నమ్మకస్తుడు విలియం ఫిట్జ్‌ఆస్బర్న్.

ఇంగ్లండ్ రాజు 8వ హెన్రీ కాలంలో, 1536 చట్టంతో ఈ ప్రత్యేకాధికారాలు పోయాయి.