గొట్టం మింగిన మందు

ప్రశ్న: మా నాన్నగారి కాలి పుండుకి యాంటీబయాటిక్ మాత్రలు వాడుతున్నాం. రక్తంలో మందు సరిపడా ఉందన్నారు, పుండు మాత్రం మానట్లేదు. పుండు ఉన్నచోటికి మందు ఎంత చేరిందో కొలవలేరా? ఇలాంటి పరీక్షలు పంది చర్మం మీద చేస్తారట, నిజమేనా?

జవాబు: కొలవచ్చండి. రక్తంలో కొంత మందు ప్రోటీన్లను పట్టుకుని ఉంటుంది. విడిగా ఉన్నదే రక్తనాళం దాటి కణాల మధ్య ద్రవంలోకి వచ్చి పనిచేస్తుంది. ఆ ద్రవాన్ని సిరంజితో లాగుదామంటే రాదు. అందుకని మైక్రోడయాలిసిస్ చేస్తారు. పొర ఉన్న సన్నని గొట్టాన్ని చర్మంలోకి దూర్చి, నిమిషానికి ఒకటి రెండు మైక్రోలీటర్ల చొప్పున సెలైన్ పారిస్తారు. పొర గుండా మందు లోపలికి వస్తుంది, ప్రోటీన్లు రావు. 20 నిమిషాలు కూర్చుంటే అవతలి చివర సీసాలో చుక్కలో సగం పోగవుతుంది, అంతే!

పంది మాట నిజమే. ఎలుక చర్మం పల్చన, నిండా బొచ్చు, పట్టుకుంటే జారిపోతుంది. పందిది మనలాగే కింది కొవ్వుకు అతుక్కుని ఉంటుంది, వెంట్రుకలూ తక్కువే. కబేళా నుంచి చెవులు తెచ్చుకుంటే పరీక్ష కోసం మరో ప్రాణం తీయక్కర్లేదు. కాకపోతే కోసిన చర్మంలో రక్తం పారదు. పైపూత మందులకు పనికొస్తుంది గానీ, మీ నాన్నగారిలా మింగే మందుకు ఎందుకూ కొరగాదు.

నాకు అసలు అనుమానం సీసాలో తేలే అంకె మీదే. బయట ఉన్న మందులో కొంత వంతే గొట్టంలోకి వస్తుంది. ఆ వంతును రికవరీ అంటాం. అది తెలియాలంటే పని తిరగేయాలి: సెలైన్లోనే మందు కలిపి పంపి, ఎంత తగ్గిందో చూడాలి. బయటికి ఎంత వంతు పోతే లోపలికీ అంతే వంతు వస్తుందని లెక్క. 100 పంపితే 70 తిరిగొచ్చిందా, రికవరీ 30 శాతం. ఆ తర్వాత చర్మం నుంచి 0.6 వస్తే అక్కడ ఉన్నది 2 అన్నమాట.

నా పరిశోధన రోజుల్లో, కొవ్వులో కరిగే ఒక మందుకు 60 శాతం వచ్చిందని గంతులేశాను. మా ల్యాబ్ అసిస్టెంట్ మాత్రం, ‘‘చర్మం లేకుండా ఉత్త గొట్టంలో పంపి చూడండమ్మా’’ అన్నాడు. చూస్తే ఏముంది, సగం మందు ప్లాస్టిక్కే మింగేసింది! మూడు నెలల లెక్కలు చెత్తబుట్టలో పడ్డాయి. వారం రోజులు అతనితో సరిగా మాట్లాడలేదు నేను.

ఇదంతా ఎక్కువగా పరిశోధనల్లో జరిగేదే, మామూలు ఆస్పత్రిలో చేసేది కాదు. మీరు మాత్రం కాలికి రక్తం సరిగా అందుతోందో లేదో డాప్లర్‌తో చూశారా అని డాక్టర్‌గారిని అడగండి.