కాన్పు చేసే మిడ్‌వైఫ్‌కి కూడా ట్రామా, అంటే మనసుకు తగిలే గాయం, వస్తుందా?

వస్తుంది. నొప్పులు పడింది తల్లే కదా అనిపించొచ్చు. కానీ బిడ్డ తల బయటికొచ్చి భుజం ఇరుక్కుపోతే, ఆ నిమిషాలు గడిచేది మిడ్‌వైఫ్ చేతుల్లోనే. తర్వాత ఇంట్లో మైక్రోవేవ్ బీప్‌మన్నా లేబర్ రూమ్ మానిటర్ గుర్తొచ్చి గుండె దడ మొదలవుతుంది. నిద్రలో అదే దృశ్యం. పైగా ‘నేనే ఆలస్యం చేశానేమో’ అన్న బాధ. ఎదుటివాళ్ల ఆపదను దగ్గరుండి చూసినందుకు వచ్చే ఈ ఒత్తిడినే సెకండరీ ట్రామాటిక్ స్ట్రెస్ అంటారు.

అమెరికాలో 473 మంది నర్స్-మిడ్‌వైఫ్‌లపై జరిగి 2015లో వెలువడిన సర్వేలో 29 శాతం మందికి ఇది తీవ్రంగానే ఉంది. బర్నవుట్ వేరు, అది పనిభారంతో మెల్లగా కమ్ముకునే నిస్సత్తువ. ఇది ఒక్క కాన్పుతోనే మొదలవ్వొచ్చు. తప్పెవరిదని నిలదీయకుండా వినే సహోద్యోగి ఉంటే కొంత ఊరట. నెల దాటినా తగ్గకపోతే మాత్రం సైకాలజిస్టును కలవాల్సిందే.